కంపెనీ కారా, ఫ్యూయల్ కార్డా, చేతికి డబ్బా? ఒక సేల్స్ మేనేజర్ కేసు

పన్ను సలహా కోసం నా దగ్గరికొచ్చిన ఈ క్లయింటు విజయవాడ హెడ్‌క్వార్టర్‌గా పనిచేసే ఫార్మా సేల్స్ మేనేజర్. నలభై లోపు వయసు. ఏరియా మేనేజర్‌గా చేస్తున్న కంపెనీ వదిలి, రీజినల్ మేనేజర్‌గా ఇంకో కంపెనీలో చేరారు. సీటీసీ, అంటే కంపెనీ ఆయన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 34 లక్షలు. గుంటూరు, తెనాలి, ఏలూరు, మచిలీపట్నం ఆయన కిందకి వస్తాయి. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. అంకెలు మాత్రం మేం కూర్చుని వేసుకున్న లెక్కకి దగ్గరగానే ఉంచాను. పన్ను నిబంధనలతో సహా అన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

ఆఫర్ లెటర్‌తో పాటు హెచ్ఆర్ వాళ్లు ఒక ఫారం పంపారు. సీటీసీలో నెలకి 40,000 రూపాయలు వాహనం కింద పక్కన పెట్టారు. దాన్ని మూడు రకాలుగా తీసుకోవచ్చు. మొదటిది, కంపెనీ పేరు మీద లీజుకి తీసుకున్న కారు, పెట్రోలుతో సహా. రెండోది, సొంత కారుకి నెలకి 12,000 వరకు ఫ్యూయల్ కార్డు, మిగతా 28,000 జీతంలో. మూడోది, మొత్తం 40,000 అలవెన్సుగా జీతంలోనే. మేనేజర్ స్థాయి నుంచి కిలోమీటరుకింత అని ఇచ్చే టీఏ (ప్రయాణ భత్యం) ఉండదు, దాని బదులే ఇది. ఒకసారి టిక్కు పెడితే ఆ ఏడాది మార్చుకోవడానికి లేదు. లీజు అయితే నాలుగేళ్లు.

ఆయన ఫోన్ చేసేటప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు. "సార్, కంపెనీ కారైతే నెలకి 1,800 మీదే ట్యాక్సంట కదా. మా పాత జోనల్ మేనేజర్ గారు కూడా అదే తీసుకున్నారు. మిగతాదంతా ఫ్రీ. ఒకసారి మీరు కూడా చూసి చెబితే టిక్కు పెట్టేస్తాను."

1,800 సంగతి నిజమే. ఆ "ఫ్రీ" అన్న మాట దగ్గరే ఆగి చూడాలి.

1,800 రెండు చోట్ల, రెండు అర్థాలు

2025-26లో అమల్లో ఉన్న ఆదాయపు పన్ను నిబంధనల్లో మూడో నిబంధన కారు ప్రయోజనానికి విలువ ఎలా కట్టాలో చెప్పేది. కారు కంపెనీదో, కంపెనీ అద్దెకి తీసుకున్నదో అయి ఉండి, కొంత ఆఫీసు పనికీ కొంత సొంతానికీ వాడుతూ, ఖర్చంతా కంపెనీయే పెట్టుకుంటే, ఇంజిన్ 1.6 లీటర్ల లోపు అయితే నెలకి 1,800, దాటితే 2,400 ఉద్యోగి ఆదాయంలో కలిపేవారు. డ్రైవర్‌ని కూడా ఇస్తే ఇంకో 900. పెట్రోలు, రిపేర్లు ఉద్యోగే పెట్టుకుంటే 600, 900. లీజు అద్దె 28,000 అయినా 48,000 అయినా కలిపేది ఆ 1,800 లేదా 2,400 మాత్రమే. కంపెనీ కారు మీద అందరికీ మోజు అందుకే. పాత పన్ను విధానమా, కొత్తదా అన్న తేడా కూడా దీనికి లేదు.

అదే 1,800 సొంత కారు దగ్గరికి వచ్చేసరికి తిరగబడుతుంది. కారు ఉద్యోగిది, పెట్రోలు డబ్బు కంపెనీ ఇస్తోంది అనుకోండి. అప్పుడు కంపెనీ ఇచ్చిన దాంట్లోంచి 1,800 తీసేసి, మిగతాదంతా ఆదాయంలో కలిపేవారు. మొదటి చోట 1,800 మీదే పన్ను, రెండో చోట 1,800 మీదే మినహాయింపు. నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా అనుకుంటారు. ఫ్యూయల్ కార్డులో 12,000 వేయించుకుని, పన్ను 1,800 మీదే అనుకుని కూర్చుంటారు. మార్చి జీతంలో టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) ఒక్కసారిగా పెరిగినప్పుడు ఫోన్ చేస్తారు.

అయితే సొంత కారుకి ఇంకో దారి కూడా నిబంధనలోనే ఉంది. ఆఫీసు పని మీద తిరిగిన ప్రయాణాలకి తేదీ, వెళ్లిన చోటు, కిలోమీటర్లు, అయిన ఖర్చు రాసిన రికార్డు కంపెనీ దగ్గర ఉండి, అది పూర్తిగా డ్యూటీ కోసం పెట్టిన ఖర్చేనని కంపెనీ సర్టిఫికెట్ ఇస్తే, 1,800 దగ్గర ఆగక్కర్లేదు. నిజంగా ఆఫీసు పనికి అయినంతా తీసేయొచ్చు. లాగ్‌బుక్ రాయడం బద్ధకమని పేరోల్ వాళ్లు (జీతాల విభాగం) దీన్ని ముందుకు తేరు, ఉద్యోగులు అడగరు. ఈ కేసు మొత్తం తిరిగింది ఇక్కడే.

ముందు ఆయన కోరుకున్నట్టే లెక్క

ఆయన ఆదాయం 24 లక్షలు దాటుతుంది కాబట్టి కొత్త విధానంలో పై భాగం మీద 30 శాతం, సెస్‌తో 31.2 శాతం. ఆయన మనసు పడింది నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ ఎస్‌యూవీ మీద. ఆన్‌రోడ్ 12 లక్షలు. లీజు కొటేషన్‌లో 48 నెలలకి అద్దె, జీఎస్టీ, ఇన్సూరెన్సు, సర్వీసు అన్నీ కలిపి నెలకి 28,000. 40,000లో మిగతా 12,000 పెట్రోలుకి. నాలుగేళ్ల తర్వాత కావాలంటే 3,60,000 కట్టి సొంతం చేసుకోవచ్చు.

లీజు తీసుకుంటే కట్టే పన్ను నెలకి 562 రూపాయలు, నాలుగేళ్లకి దాదాపు 27,000. చివర్లో 3.6 లక్షలు కట్టి కారు తీసుకున్నా, జేబులోంచి పోయేది 3.87 లక్షలు.

అదే కారుని 40,000 అలవెన్సు తీసుకుని, బ్యాంకు లోను మీద కొంటే? పన్ను పోగా చేతికొచ్చేది నెలకి 27,520, నాలుగేళ్లకి 13.2 లక్షలు. 12 లక్షలకి 9 శాతం వడ్డీ మీద ఈఎంఐ 29,862, మొత్తం 14.33 లక్షలు. పెట్రోలు నెలకి 12,000 చొప్పున 5.76 లక్షలు. తర్వాతి ఏళ్ల ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లకి లక్షా పాతిక వేసుకున్నాం. కూడితే 21.3 లక్షలు. అంటే అలవెన్సు పోను ఇంకా 8 లక్షల పైనే సొంత డబ్బు పెట్టాలి. అదే కారు, అదే నాలుగేళ్లు, లీజుకీ లోనుకీ మధ్య నాలుగు లక్షల పైచిలుకు తేడా.

ఇక్కడి వరకు చూస్తే ఆయన జోనల్ మేనేజర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. కొత్త కారు ఎలాగూ కొనబోతున్న మనిషి, 30 శాతం శ్లాబులో ఉంటే, ఉద్యోగంలో నిలకడగా ఉండేట్టయితే, లీజే తీసుకోవాలి. లోను మీద కొనొద్దని నేను గట్టిగానే చెబుతాను.

జీఎస్టీ గురించి ఒక మాట. లీజు అద్దె మీద ఆ కారుకి ఏ రేటు ఉందో అదే రేటు పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకి 18 శాతం, పెద్ద వాటికి 40, ఎలక్ట్రిక్ కార్లకి 5. ఆ పన్నుని కంపెనీ క్రెడిట్‌గా తీసుకోలేదు కాబట్టి చివరికి అది మీ సీటీసీలోంచే పోతుంది. పెద్ద ఎస్‌యూవీ లీజు అద్దె అంత ఎందుకు ఉంటుందో చాలామందికి ఇక్కడే అర్థమవుతుంది.

ఆయన్ని అడిగిన ప్రశ్న

ఇవన్నీ వేశాక ఒకటే అడిగాను. "ఈ ఉద్యోగం మారకపోయి ఉంటే, ఈ ఏడాది కారు కొనేవారా?"

కాసేపు ఆలోచించి, "లేదు సార్" అన్నారు. ఇంట్లో 2020 మోడల్ పెట్రోల్ సెడాన్ ఉంది. అప్పటికి 58,000 కిలోమీటర్లు తిరిగింది. లీటరుకి పదిహేను ఇస్తోంది. "ఇంజిన్ ఇంకా సాఫ్ట్‌గానే ఉంది సార్. కాకపోతే రీజినల్ మేనేజర్ అయ్యాక పాత కారులో దిగితే బాగోదేమోనని..."

ఆ కోరికలో తప్పేం లేదు. డాక్టర్ల ముందు, స్టాకిస్టుల (మందుల పంపిణీదారుల) ముందు రోజూ దిగే మనిషికి కారు కూడా హోదాలో భాగమే. కాకపోతే దానికి ఎంత అవుతుందో తెలిసి కొనుక్కోవాలి. పన్ను మిగులు అనేది ఎలాగూ పెట్టబోయే ఖర్చు మీద వస్తేనే మిగులు. పెట్టక్కర్లేని 28,000 ఖర్చు పెట్టి, దాని మీద 8,736 పన్ను తప్పిందని లెక్కేసుకుంటే, మిగతా 19,000 పైచిలుకు ఎటు పోయినట్టు?

అందుకని పాత కారు పెట్టుకునే దారికి లెక్క వేశాం. ఆయన నెలకి తిరిగేది సుమారు 1,600 కిలోమీటర్లు. అందులో 1,200 డ్యూటీ. లీటరుకి పదిహేను చొప్పున 107 లీటర్లు, అప్పట్లో విజయవాడలో లీటరు దాదాపు 109 రూపాయలు, అంటే 11,600 పైన. 12,000 కార్డు సరిగ్గా సరిపోతుంది. లాగ్‌బుక్ లేకుండా ఉంటే 1,800 మినహాయింపు పోను 38,200 మీద పన్ను పడుతుంది. పెట్రోలు కార్డు మీద పోగా చేతికి 16,082 మిగులుతుంది. లాగ్‌బుక్ ఉంటే 12,000లో ముప్పావు వంతు, 9,000 తీసేయొచ్చు. అప్పుడు చేతికి 18,328. లాగ్‌బుక్ రాసినందుకు ఏడాదికి దాదాపు 27,000 అదనం. మొత్తం నగదుగా తీసుకుని పెట్రోలు తనే కొట్టించుకుంటే మిగిలేది 15,520 మాత్రమే. సొంత కారుతో నిజంగా డ్యూటీ మీద తిరిగే మనిషికి పూర్తి నగదు అన్నిటికంటే తక్కువ ఇస్తుంది.

18,328 చొప్పున నాలుగేళ్లకి 8.8 లక్షలు. అందులోంచి పాత కారు సర్వీసు, టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సుకి రెండు లక్షలు తీశాం. ఇవాళ నాలుగు లక్షలు పలికే ఆ కారు అప్పటికి రెండు లక్షలకి పడిపోతుందని ఇంకో రెండు తీశాం. నికరంగా 4.8 లక్షలు. లీజులో అయితే పాత కారు ఇప్పుడే అమ్మేసి, నాలుగేళ్ల తర్వాత 3.87 లక్షల ఖర్చుతో ఆరు లక్షలు పలికే కారు చేతికొస్తుంది, నికరం 2.1 లక్షలు. తేడా 2.7 లక్షలు. అమ్మకం ధరలు మా అంచనాలు, అటూ ఇటూ ఓ యాభై వేలు ఊగుతాయి. అయినా దిశ మారదు.

"కొత్త కారు మీకు కావాలంటే నాలుగేళ్లకి 2.7 లక్షలు. తప్పు లేదు. ఫ్రీ అని మాత్రం అనుకోవద్దండి" అన్నాను.

అసలు తేల్చింది ఇంటి లోను

ఆ మాట దగ్గర ఆయన ఇంకా ఊగిసలాటలోనే ఉన్నారు. అప్పుడు తాడేపల్లిలో ఫ్లాట్ చూస్తున్నామని మాటల మధ్యలో చెప్పారు. ఇది ముందే అడగాల్సిన విషయం, ఇప్పుడు నా ప్రశ్నల జాబితాలో పైనే ఉంటుంది.

లీజు అద్దె జీతంలోంచి ముందే తీసేస్తారు. పేస్లిప్పులో ఆ 28,000 కనబడదు. బ్యాంకు చూసేది చేతికొచ్చే జీతం. అందులో సగం వరకు ఈఎంఐలు కట్టగలరని వేసుకుంటే, 18,328 తగ్గడం వల్ల 9,164 ఈఎంఐ సామర్థ్యం పోతుంది. 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లకి లక్షకి ఈఎంఐ 868 రూపాయలు. అంటే దాదాపు పదిన్నర లక్షల లోను తక్కువ వస్తుంది. భార్య ఆ రోజు స్పీకర్ ఫోన్‌లో వింటున్నారు. "ఏవండీ, ఆ ఫ్లాట్‌కి మనకి తక్కువ పడుతున్నది కూడా అంతే కదా" అన్నారు. ఇక కారు గురించి పెద్దగా మాట్లాడుకోలేదు.

ఉద్యోగం మధ్యలో మారితే ఏంటన్నది కూడా చూశాం. ఫార్మా సేల్స్‌లో మూడేళ్లకోసారి కంపెనీ మారడం మామూలే. లీజు మధ్యలో వదిలేస్తే కొత్త కంపెనీ ఆ లీజుని తన పేరు మీదకి తీసుకోవాలి, లేదంటే మీరే కారు కొనుక్కోవాలి, లేదంటే ఉద్యోగం వదిలేటప్పుడు చేసే చివరి లెక్కలో (ఫుల్ అండ్ ఫైనల్) కోసుకుంటారు. రెండేళ్ల దగ్గర ఫోర్‌క్లోజ్ చేస్తే, అంటే గడువుకి ముందే లీజు మూసేస్తే, ఎంతవుతుందో లెక్క వేస్తే, మిగిలిన అసలు ఏడున్నర లక్షల దరిదాపు. దాని మీద జీఎస్టీ, ఛార్జీలు కలిపితే దాదాపు తొమ్మిది లక్షలు ఒకేసారి చేతిలో ఉండాలి. లీజు తీసుకునే ప్రతి ఒక్కరూ సంతకం పెట్టే ముందు ఈ ఒక్క కాగితం అడగాలి: 12, 24, 36 నెలల దగ్గర ఫోర్‌క్లోజర్ మొత్తం ఎంత? అడిగితే లీజు కంపెనీలు ఇస్తాయి.

ఆర్‌సీ నాన్నగారి పేరు మీద

రెండో ఆప్షన్‌కి టిక్కు పెట్టబోతూ ఆర్‌సీ కాపీ పంపమన్నాను. కారు ఆయన నాన్నగారి పేరు మీద ఉంది. మన ఇళ్లల్లో ఇది సర్వసాధారణం. నిబంధన చెప్పేది ఉద్యోగి సొంత కారు గురించి. తండ్రి పేరు, భార్య పేరు మీద ఉన్న కారుకి పెట్రోలు ఇస్తే పేరోల్ ఒప్పుకోదు, ఒప్పుకున్నా తర్వాత నిలబడదు.

అప్పులేవీ లేని కారు కాబట్టి పేరు మార్పు తేలిగ్గానే అయింది. ఫారం 29, ఫారం 30, నాన్నగారి సంతకాలు, ఆధార్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్సు. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఇన్సూరెన్సు పేరు మార్పు. 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. లేదంటే యాక్సిడెంట్‌లో సొంత కారు డ్యామేజీ క్లెయిమ్ ఇరుక్కుంటుంది. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కారుతో రాదు, అది మనిషిది. నాన్నగారి బోనస్ తేడా మొత్తాన్ని మిగిలిన కాలానికి కట్టించుకున్నారు. అది పెద్ద మొత్తం కాదు కానీ ముందే చెప్పి ఉంచడం మంచిది.

పేరు మారే వరకు కార్డు వాడొద్దన్నాను. ఆ నెల పెట్రోలు సొంత డబ్బుతోనే కొట్టించుకున్నారు.

లాగ్‌బుక్ ఎలా నిలబడింది

మొదటి నెల లాగ్‌బుక్ పేరోల్ వాళ్లు తిప్పి పంపారు. చూస్తే "లోకల్ విజిట్స్, 240 కి.మీ." అని నాలుగు వరసలు. ఇలా రాసింది ఎవరూ నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా.

ఫార్మాలో ఒక వెసులుబాటు ఉంది. నెల మొదట్లోనే టూర్ ప్రోగ్రామ్ వేసి ఆమోదం తీసుకుంటారు. రోజూ సాయంత్రం డీసీఆర్ (ఆ రోజు పని రిపోర్టు) కొడతారు. ఏ ఊరు వెళ్లారు, ఏ డాక్టర్లని కలిశారు, ఎవరితో జాయింట్ వర్క్ చేశారు (కలిసి ఫీల్డ్‌లో తిరిగారు), అంతా యాప్‌లో తేదీలతో ఉంటుంది. లాగ్‌బుక్ దానితో సరిపోతే చాలు. అప్పటి నుంచి ఒక్కో వరస ఇలా రాయించాం: విజయవాడ నుంచి మచిలీపట్నం, మళ్లీ విజయవాడ. ఓడోమీటర్ 60,212 నుంచి 60,356. 144 కిలోమీటర్లు. స్టాకిస్ట్ దగ్గర క్లోజింగ్ స్టాక్ చెక్, ఏరియా మేనేజర్‌తో జాయింట్ వర్క్. ఆదివారం తెనాలిలో పెళ్లికి వెళ్లిన కిలోమీటర్లు సొంతం కింద విడిగా. ఓడోమీటర్ అంకెలు ఒకదాని నుంచి ఇంకోదానికి తెగకుండా కలిసి రావాలి. సొంత తిరుగుడు కూడా రాసిన లాగ్‌బుక్కే చూసేవాడికి నిజమనిపిస్తుంది. వందకి వంద ఆఫీసు పనే అని రాసింది మొదటి చూపులోనే దొరికిపోతుంది.

పెట్రోలు బిల్లుల విషయం కూడా. కార్డు స్టేట్‌మెంట్‌లో బంకు పేరు, మొత్తం వస్తాయి, బండి నంబరు రాదు. బంకులో బిల్లు మీద బండి నంబరు కొట్టించుకుని, అక్కడే ఫోటో తీసుకోమన్నాను. ఆ కాగితం రెండు నెలలు డాష్‌బోర్డు మీద ఉంటే అక్షరాలు ఎగిరిపోయి తెల్లగా మిగులుతుంది.

రెండో నెల నుంచి తిప్పి పంపడం ఆగింది. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడానికి కంపెనీ ఫైనాన్స్ వాళ్లు మొదట వెనకాడారు. డీసీఆర్‌తో లాగ్‌బుక్‌ని పక్కపక్కన పెట్టి చూపించాక పెట్టారు.

ఇదే లెక్క అందరికీ కాదు

ఈ కేసు చదివి కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి ఆఫీసుకి వెళ్లొచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లాగ్‌బుక్ మొదలుపెడితే నిలబడదు. ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లడం డ్యూటీ మీద తిరగడం కాదు. దానికి ఒకప్పుడు నెలకి 1,600 ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సు మినహాయింపు ఉండేది. 2018-19 నుంచి అది స్టాండర్డ్ డిడక్షన్‌లో కలిసిపోయింది. ఇంకా ఫీల్డ్‌లో తిరిగే మెడికల్ రెప్‌లకి, ఏరియా మేనేజర్లకి కంపెనీ ఎక్స్ స్టేషన్‌కి (అదే రోజు వెళ్లొచ్చే ఊళ్లకి), ఔట్ స్టేషన్‌కి (రాత్రి ఉండాల్సిన ఊళ్లకి) కిలోమీటరు లెక్కన టీఏ ఇస్తుంటే, అదే ట్రిప్పుని ఫ్యూయల్ కార్డు లాగ్‌బుక్‌లో మళ్లీ రాయకూడదు. ఒకే ప్రయాణానికి రెండుసార్లు డబ్బు తీసుకున్నట్టు అవుతుంది. పన్ను కంటే ముందు ఉద్యోగమే పోతుంది.

శ్లాబు తగ్గితే లీజు ఆకర్షణా తగ్గుతుంది. ఇదే 40,000కి 31.2 శాతం శ్లాబులో లీజు వల్ల ఏడాదికి తప్పే పన్ను 1,43,000. 20 శాతం శ్లాబులో, సెస్‌తో, అది 95,000కి దిగుతుంది. లీజు మీద జీఎస్టీ, వడ్డీ మాత్రం తగ్గవు.

2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది. పైన వాడిన 1,800, 2,400 లాంటివి 2025-26 మొత్తాలు, మీరు లెక్క వేసే ఏడాది నిబంధనల్లో ఎంతున్నాయో చూసుకుని వేయాలి. మన క్లయింటు కూడా ఏటా ఏప్రిల్‌లో టిక్కు మళ్లీ పెట్టాలి. ఆయన సెడాన్ లక్షా పదివేల కిలోమీటర్లకి వచ్చినప్పుడు, ఫ్లాట్ లోను అప్పటికే మంజూరై ఉంటుంది కాబట్టి, లీజు లెక్క మళ్లీ తీస్తామని అనుకున్నాం. అప్పుడు ఆయనకి నిజంగా కారు అవసరం ఉంటుంది, బహుశా నేనే లీజు తీసుకోమంటాను.